మావారు కాచిన బీరు

మా ఇంట్లో బీరు కాచేది నేను. ఈ ఒక్క ముక్క నలుగురిలో చెప్పలేకపోయాను. చెప్పి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

నేను మందుల కంపెనీలో, క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ప్లెయిన్స్‌బరోలో ఇల్లు. ఒక డిసెంబరులో మా ఆఫీసువాళ్ళు చీటీలు తీసి కానుకలు పంచుకుంటే నా వంతుకు ఒక అట్టపెట్టె వచ్చింది. విప్పితే బీరు తయారుచేసుకునే సరంజామా. మెడ సన్నగా ఉన్న గాజు జాడీ, రబ్బరు గొట్టం, గుడ్డసంచి, బరకగా మరపట్టిన బార్లీ. అందరూ నా బొట్టు వంకా పెట్టె వంకా చూసి నవ్వారు. కావాలంటే మార్చుకోవచ్చని పక్క సీటావిడ తనకొచ్చిన చాక్లెట్ల డబ్బా చూపించింది. ఆ నవ్వులు చూశాక మార్చుకోబుద్ధి కాలేదు. నాకు రోషం కొంచెం ఎక్కువ.

రోషానికి తెచ్చిన పెట్టె చలికాలమంతా గరాజ్‌లో పడి ఉంది. ఒక ఆదివారం ఏమీ తోచక తీశాను. అందులోని బార్లీ మామూలు బార్లీ కాదు. మనం రాగుల్ని మొలకట్టి, ఎండబెట్టి, వేయించి జావపిండి పట్టించుకుంటామే, అలా తయారుచేసినదే. దాన్ని గుడ్డసంచిలో పోసి వేడినీళ్ళలో గంటసేపు ఉంచాలి. నీళ్ళు మరగకూడదు, చల్లారకూడదు. పులిహోర కలపడానికి వాడే పెద్ద గిన్నెలో పెట్టి, చుట్టూ పాత దుప్పటి చుట్టి, థర్మామీటరు పట్టుకుని కూర్చున్నాను. ఆ గంటలో గింజలోని పిండి తనంతట తానే తీపిగా మారిపోతుంది. పుస్తకాల్లో చదివిందే, ల్యాబ్‌లో పరీక్షల కోసం చేసిందే. కానీ మన గిన్నెలో, మన పొయ్యి మీద, బెల్లం ముక్కైనా వేయకుండా వచ్చిన ఆ తీపిని చెంచాతో నాలుక మీద వేసుకున్నప్పుడు నాకు నిజంగా ఒళ్ళు ఝల్లుమంది.

అలా మొదలైంది. గింజతో పని లేకుండా డబ్బాలో వచ్చే పాకం నీళ్ళలో కలిపి చేసేవాళ్ళూ ఉన్నారు. నా దృష్టిలో అది ప్యాకెట్ సాంబారు. నేను గింజ నుంచే మొదలుపెడతాను. ఒకసారికి ఒక చిన్న జాడీ, అంతే. సంచి ఎత్తి, గట్టిగా పిండేసి, ఆ తీపి నీళ్ళను గంటసేపు మరిగించి, చేదు కోసం హాప్స్ అనే ఎండుపూలు వేసి, గిన్నెను సింకులో ఐసు మధ్య చల్లార్చి, జాడీలోకి వంచి ఈస్ట్ చల్లి, కోట్లు తగిలించే అల్మరాలో పెట్టేస్తాను. మర్నాటికి జాడీ మూతి దగ్గర గుడుగుడుమని బుడగలు మొదలవుతాయి. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచి మొదట తెరిచేది ఆ అల్మరానే. తాగడం మీద నాకంత యావ లేదు. కాచడం మీదే.

మావారు అసలు తాగరు. ఆయన మేనమామ తాగి తాగి చిన్న వయసులోనే పోయాడట. చివరి రోజుల్లో ఆ మనిషిని ఆస్పత్రికి తిప్పింది మా అత్తగారే. తమ్ముడి పేరు ఎత్తితే ఇప్పటికీ ఆవిడ మాట మార్చేస్తారు. కొడుకు మందు ముట్టని మనిషి కావడమే ఆవిడ జీవితంలో గొప్ప నిశ్చింత. ఈ సంగతి నాకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు. తెలిసే చేశాను కాబట్టి ఏ సాకూ లేదు.

మా స్నేహితులు నాలుగైదు కుటుంబాలు. నెలకోసారి ఎవరో ఒకరింట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం చేసుకెళ్ళి కలిసి తినడం. మగవాళ్ళు బేస్‌మెంట్‌లో గ్లాసులతో, ఆడవాళ్ళం పైన వంటింట్లో గరిటెలతో. ఎవరూ గీత గీయలేదు కానీ ఎవరమూ గీత దాటం. ఒకసారి గుత్తివంకాయతో పాటు నా బీరు సీసాలు కూడా పట్టుకెళ్ళాను. చల్లగా ఉంచి, ఒక్కోదానికి చిన్న కాగితం అంటించి. ఆ ఇంటాయన తలుపు తీసి, సీసా ఎత్తి చూసి, ఇది ఎవరు చేశారని అడిగాడు. మావారు నా వైపు చూశారు. ఆయన చూపులో దాచడమేమీ లేదు, నువ్వే చెప్పుకో అన్నట్టు ఉంది. నా వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళలో ఒకావిడ పూజ చేసుకుని పట్టుచీరతోనే వచ్చింది.

"ఇంకెవరు, మీ ఫ్రెండే," అన్నాను.

అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి. మావారు ఒక్క క్షణం ఆగి, నవ్వి, సీసాలు తీసుకుని కిందికి వెళ్ళిపోయారు.

కింద నుంచి కేకలు వినిపించాయి. బాగుందంటున్నారు. ఎలా బాగుందన్నారో, చేదు గురించి ఏమన్నారో, నురగ నిలిచిందో లేదో నాకు కావాలి. నేను పైన పెరుగుపచ్చడిలో తాలింపు కలుపుతూ మెట్ల వైపు చెవి పెట్టాను. ఇంటికి వెళ్తూ కార్‌లో అడిగితే మావారు "అందరూ బాగుందన్నారు" అని ఊరుకున్నారు. అంతకన్నా చెప్పడానికి ఆయన తాగితే కదా.

తరవాత ప్రతిసారీ ఇదే. పైగా వాళ్ళు ఆయన్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. దాంతో నేను దారిలో ఆయనకు పాఠం చెప్పేదాన్ని. హాప్స్ ఎప్పుడు వేస్తాం, నీళ్ళు ఎంత వేడి ఉండాలి, ఈస్ట్‌కి ఎన్ని రోజులు. పాపం బుద్ధిగా అప్పజెప్పేవారు. ఒకసారి బార్లీని మరిగిస్తామని చెప్పి వచ్చారు. మరిగిస్తే పాడైపోతుంది కదండీ, ఆ మాత్రం గుర్తుండదా అని హైవే మీద ఆయన్ని కేకలేశాను. మందు ముట్టని మనిషి నా బీరు గురించి నాకోసం అబద్ధం చెప్పొస్తే, అబద్ధం సరిగ్గా చెప్పలేదని దెబ్బలాడాను.

అక్కడితో ఆగినా బాగుండేది. వంటింట్లో ఆడవాళ్ళు నామీద జాలిపడేవారు. ఆ వాసన ఎలా భరిస్తావు, వంటిల్లంతా పాడుచేస్తాడా, గిన్నెలు కడుగుతాడా అని. నేనూ అందుకునేదాన్ని. శనివారం వస్తే చాలు నా పొయ్యి నాది కాదనేదాన్ని. నా పులిహోర గిన్నె కూడా లాక్కున్నాడనేదాన్ని. వాళ్ళు నవ్వేవారు, నాకు ఇంకో గారె వేసేవారు. లేనిపోని మొగుణ్ణి ఒకణ్ణి తయారుచేసి అందరిలో పెట్టాను. అసలాయన కింద మజ్జిగ గ్లాసుతో కూర్చుని ఉండేవారు, అదీ ఒక వింతగా చెప్పుకునేవారు. తను చేసింది తను తాగడట, ఎంత నిగ్రహమో అని.

ఈ వేసవిలో మా అత్తగారు వచ్చారు. ఆవిడ వస్తున్నారని తెలియగానే జాడీ, గొట్టాలు అన్నీ గరాజ్‌లో పాత సూట్‌కేసులో పెట్టేశాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ కాచకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆవిడకు నచ్చని పని ఆవిడ కళ్ళముందు చెయ్యకపోవడం మర్యాద అనుకున్నాను. అబద్ధానికి మర్యాద ముసుగు వేయడం నాకు బాగా వచ్చు.

పాట్‌లక్ మాత్రం తప్పలేదు. ఐసెలిన్‌లో ఉండే స్నేహితుల ఇంట్లో పెట్టారు. అత్తగారిని సోఫాలో కూర్చోబెట్టి అందరూ మర్యాదలు చేశారు. ఆ ఇంటాయన మంచి మనిషి, పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడే అలవాటున్నవాడు. ఆవిడ పక్కన చేరి కొడుకుని మెచ్చుకున్నాడు.

"ఆంటీ, మీ అబ్బాయి చేతిలో ఏదో మహిమ ఉందండీ. తను చేసిన బీర్ ముందు స్టోర్‌లో కొన్నది వేస్ట్. ఈమధ్య ఎందుకో మానేశాడు, మీరైనా చెప్పండి."

నేను అరటికాయ బజ్జీల పళ్ళెంతో నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అత్తగారు చిన్నగా నవ్వి, చేతిలో ప్లేటు పక్కన పెట్టేశారు. మళ్ళీ ముట్టుకోలేదు. తిరుగు ప్రయాణంలో ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. మావారు ఏసీ ఎక్కువైందా అమ్మా అని అడిగారు. లేదన్నారు.

మర్నాడు పొద్దున ఆవిడ కాఫీ ముట్టలేదు. డైనింగ్ టేబుల్ దగ్గర కొడుకుని ఎదురుగా కూర్చోమన్నారు. నేను ఇడ్లీల్లోకి కొబ్బరిచట్నీ చేయబోతున్నాను. ఆవిడ గొంతు హెచ్చించలేదు. ఇంట్లో సారా కాస్తున్నావా నాన్నా అని అడిగారు, అంతే. ఆవిడ మాటల్లో బీరు లేదు, సారాయే.

మావారు నా వైపు చూశారు. ఆ రోజు స్నేహితుల గుమ్మంలో చూసిన చూపే. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మిక్సీ వేశాను. కొబ్బరి ఎప్పుడో నలిగిపోయింది, అయినా తిప్పుతూనే ఉన్నాను. ఆ మోతలో నాకు ఏమీ వినపడలేదు. వినపడకూడదనే కదా వేసింది. చెయ్యి నొప్పెట్టి ఆపేసరికి మావారు లేచి నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యి వాళ్ళమ్మ నెత్తి మీద ఉంది.

"ఇంకెప్పుడూ చెయ్యనమ్మా. ఒట్టు."

అత్తగారు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఆవిడ దృష్టిలో ఒట్టంటే ఆషామాషీ కాదు. తప్పితే ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టారో ఆ మనిషికే చెడు జరుగుతుంది. ఆవిడ తన ప్రాణాన్ని కొడుకు చేతికింద పెట్టి మరీ అడిగారు. నేను వేడివేడి ఇడ్లీలు వడ్డించాను. చట్నీ చాలా మెత్తగా వచ్చిందని ఆవిడే అన్నారు.

ఆ రాత్రి ఆయనకు క్షమాపణ చెప్పబోయాను. ఆయన నవ్వేశారు. అందులో అబద్ధమేముంది, నేను ఎప్పుడూ చెయ్యలేదు, ఇక ముందూ చెయ్యను, ఇంత సులువైన ఒట్టు ఇంకొకటి దొరకదన్నారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆయన నవ్వుతుంటే పోనీలే అనిపించింది. అలా రోజులు గడిచిపోయేవేమో.

కానీ అత్తగారికి ఒక కొత్త అలవాటైంది. సాయంత్రం కొడుకు తలుపు తీసుకుని లోపలికి రాగానే ఎక్కడున్నా లేచి ఎదురెళ్ళేవారు. చొక్కా కాలరు మడత పడిందంటూ సరిచేసేవారు. ఆయన పొడగరి, ఆవిడ మునివేళ్ళ మీద లేచి మరీ సరిచేసేవారు. మొదట్లో నాకు ముద్దుగా అనిపించింది. ఒకరోజు మావారు టీషర్టుతో వచ్చారు. దానికి కాలరే లేదు. ఆవిడ అప్పుడూ లేచి, భుజం మీద లేని పోగు ఏదో తీసి, ఆయన ముఖానికి దగ్గరగా ఒక ఊపిరి పీల్చి వెనక్కి వచ్చారు. వాసన చూస్తున్నారు. ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. కాస్త వంగి నిలబడుతున్నారు, ఆవిడకు అందేలా.

నేను ఆ పూట అన్నం తినలేకపోయాను. జీవితంలో ఒక్క చుక్క ముట్టని మనిషి, అమ్మ తన నోరు వాసన చూడ్డానికి రోజూ తల వంచుతున్నాడు. ఎందుకంటే పాట్‌లక్‌కి పట్టుచీరతో వచ్చినావిడ ముందు నా పరువు పోకూడదు.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళాక అత్తగారి గదికి వెళ్ళి చెప్పేశాను. బీరు కాచింది ఆయన కాదు, నేను. మొదటి నుంచీ నేనే. ఆయన తప్పేమీ లేదు. 

ఆవిడ నా ముఖంలోకి చూశారు. తరవాత నా గడ్డం పట్టుకున్నారు.

"ఎంత మంచి పిల్లవమ్మా. మొగుడి తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావు."

కాదు అత్తయ్యా అన్నాను. నిజం అన్నాను. నేనన్నకొద్దీ ఆవిడ కళ్ళలో నీళ్ళు నిండాయి. తమ్ముడి భార్య కూడా ఇలాగే అనేదట, నేనే తెప్పించాను, నేనే పోశాను, ఆయన్నేమీ అనకండి అని. మొదటిసారి ఆవిడ తమ్ముడి పేరు ఎత్తడం విన్నాను. ఆవిడకు మంచినీళ్ళు తెచ్చిచ్చాను. 

ఆ సాయంత్రం నుంచి ఆవిడ ఫోన్‌లో మా ఆడపడుచుకి, పిన్నత్తకి, పక్కింటివాళ్ళకి నా గురించి చెప్పడం మొదలుపెట్టారు. కోడలంటే అలా ఉండాలట. ఆడపడుచు నాకు ఫోన్ చేసి వదినా నువ్వు చాలా గ్రేట్ అంది. వాళ్ళన్నయ్యతో ముక్తసరిగా మాట్లాడి పెట్టేసింది. నిజం చెప్పి నేను ఇంకో మెట్టు ఎక్కాను, ఆయన ఇంకో మెట్టు దిగారు. తలదించుకుందామంటే దించనిచ్చేవాళ్ళు లేరు.

చెబితే నమ్మనివాళ్ళకు చూపించాలి. శనివారం పొద్దున్న మావారు సరుకులకు వెళ్ళగానే గరాజ్‌లోంచి సూట్‌కేసు తెచ్చి వంటింట్లో విప్పాను. అత్తగారు టేబుల్ దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. జాడీ చూసి ఆవిడ చేతులు ఆగాయి. అది పారేయడానికా అని అడిగారు. కాదన్నాను. పులిహోర గిన్నె పొయ్యి మీద పెట్టాను.

 నీళ్ళు వేడెక్కడం, నేను థర్మామీటరు చూసి పొయ్యి తగ్గించడం, సంచిలో బార్లీ పోసి ఉండలు కట్టకుండా కలపడం, దుప్పటి చుట్టడం, అన్నీ ఆవిడ చూశారు. ఎవరైనా కొత్తగా చేస్తుంటే తడుముకుంటారు. నేను తడుముకోలేదు. ఆ గంటా చిక్కుడుకాయల గిన్నె మధ్యలో పెట్టుకుని ఇద్దరం ఈనెలు తీశాం. గంటయ్యాక తెల్ల సాసర్‌లో ఆ నీళ్ళ చుక్క వేసి, దాని మీద అయోడిన్ చుక్క వేశాను. నల్లబడితే ఇంకా పిండి మిగిలినట్టు. నల్లబడలేదు. అలవాటు చొప్పున నాలో నేనే అయిపోయింది అనుకున్నాను, పైకే అన్నానేమో. ఆవిడ సాసర్ వంకా నా వంకా చూశారు.

సంచి ఎత్తే సమయానికి చిల్లుల గిన్నె పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. ఎప్పుడూ మావారు పట్టుకునేవారు, అదొక్కటే ఆయన చేసిన పని. అత్తగారు లేచి వచ్చి పట్టుకున్నారు. ఆవిరి ముఖానికి కొడుతుంటే ఆవిడ తల పక్కకు తిప్పుకోలేదు. ఇందులో మత్తుందా అని అడిగారు. ఇంకా లేదు, బార్లీ నీళ్ళే అన్నాను. ఆవిడ చెంచాతో తీసుకుని చప్పరించారు. బెల్లం ఎప్పుడు వేశావన్నారు. వెయ్యలేదన్నాను.

ఆవిడ చెంచా సింకులో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఇప్పుడు తిడతారనుకున్నాను. తిడితే బాగుండును అనుకున్నాను. ఆడదానివై ఈ పాడు పనేమిటంటారు, నా కొంపలో సారా ఏమిటంటారు, అన్నిటికీ సిద్ధంగా ఉన్నాను.

"మరి వాడి చేత నా నెత్తిన చెయ్యెందుకు పెట్టించావమ్మా?"

గిన్నె మరగడానికి వస్తోంది. పక్కనే మిక్సీ ఉంది. దాని వైపు చూడలేదు.

"సిగ్గేసింది అత్తయ్యా," అన్నాను. "నేను చేశానని చెప్పుకోవడానికి."

"నీకేనా సిగ్గు? వాడికుండదూ?"

అంతే అన్నారు. చిక్కుడుకాయలు గిన్నెలోకి ఎత్తి, ఈనెలు చెత్తబుట్టలో వేసి, తన గదిలోకి వెళ్ళిపోయారు. హాప్స్ వేయాల్సిన సమయం దాటిపోయింది. వేయలేదు.

తలుపు చప్పుడైంది. మావారు బియ్యం బస్తా భుజాన వేసుకుని వచ్చారు. అత్తగారు అలవాటుగా గదిలోంచి లేచి వచ్చి ఎదురెళ్ళారు. చెయ్యి కాలరు వరకు లేచింది. అక్కడ ఆగింది. ఆయన అప్పటికే వంగి ఉన్నారు. ఆవిడ ఆ చెయ్యిని దించుకుని, నీ ఒట్టు తీసి గట్టున పెట్టాను నాన్నా అని, వెనుదిరిగి గదిలోకి వెళ్ళిపోయారు.

ఆయన వంటింట్లోకి వచ్చి గిన్నె చూశారు. జాడీ చూశారు. బస్తా దించకుండానే అడిగారు, చెప్పేశావా అని. చూపించానన్నాను. ఏమందన్నారు.

"మీకు సిగ్గుండదా అని అడిగారు."

ఇప్పుడూ నవ్వేస్తారనుకున్నాను. అన్నిటికీ నవ్వే మనిషి. ఆయన బస్తా నేలమీద పెట్టి, సింకు దగ్గరికెళ్ళి చేతులు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు.

"రోజూ ఉండేది," అన్నారు. తువ్వాలు కోసం నా వైపు చెయ్యి చాపారు.